ట్రైఅవుట్‌లో 'ఇంకా రెడీ కాదు' అన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి ఏడేళ్లు. నాలుగో ఏట నుంచి స్విమ్ స్కూల్‌కి పంపిస్తున్నాం. పక్కింటి అబ్బాయి ఏడాది పొడవునా నడిచే క్లబ్ టీమ్‌లో ఉన్నాడు. అది చూసి మేమూ ట్రైఅవుట్‌కి, అంటే టీమ్‌లో చేర్చుకునే ముందు పెట్టే పరీక్షకి, తీసుకెళ్లాం. కోచ్ ఐదు నిమిషాలు చూసి "ఇంకా రెడీ కాదు, కొన్నాళ్లాగి రండి" అన్నారు. రోజూ ప్రైవేట్ క్లాసులు పెట్టిద్దామని, ఇప్పుడు మొదలుపెట్టకపోతే కాలేజీ అడ్మిషన్ నాటికి వెనకబడిపోతాడని మావారు అంటున్నారు. బాబుకి నీళ్లంటే ఇష్టమే. కానీ ఆ రోజు నుంచి పూల్ పేరెత్తితే మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఐదు నిమిషాల సంగతి చూద్దాం. కోచ్ మీ బాబు భవిష్యత్తును చూసి ఆ మాట అనలేదు, ఊపిరి తీసుకోవడం చూసి అన్నారు. చిన్న పిల్లల గ్రూపులో చేర్చుకోవడానికి క్లబ్బులు మామూలుగా అడిగేది రెండే. 25 గజాల పూల్‌లో ఒక చివర నుంచి రెండో చివరకి మొహం నీళ్లలో పెట్టి, పక్కకి తిరిగి ఊపిరి తీసుకుంటూ, ఎక్కడా ఆగకుండా ఫ్రీస్టైల్ చేయాలి. అంతే దూరం వెల్లకిలా కూడా ఈదాలి. మధ్యలో లేన్ తాడు పట్టుకోకూడదు. ఎంత సేపట్లో ఈదాడని ఈ వయసులో ఎవరూ చూడరు.

మూడేళ్లు స్విమ్ స్కూల్‌కి వెళ్లినా ఇది రాలేదేమిటని మీకు అనిపించవచ్చు. స్విమ్ స్కూల్ ముందు నేర్పేది మునిగిపోకుండా ఉండటం. అక్కడి పూల్ చిన్నది, లోతు తక్కువ, నీళ్లు 90 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గోరువెచ్చగా ఉంటాయి. టీమ్ పూల్‌లో నీళ్లు 80 డిగ్రీల దగ్గర ఉంటాయి. సన్నటి పిల్లాడికి ఆ పది డిగ్రీల తేడా ఒళ్లంతా తెలుస్తుంది. అడుగు అందదు, అవతలి గోడ కనబడదు, గట్టు మీద కొత్త మనిషి బోర్డు పట్టుకుని నిలబడి ఉంటాడు. భయం వేసి తల పైకెత్తుతాడు. తల లేస్తే కాళ్లు కిందికి పోతాయి, సగం దూరంలోనే ఆయాసం వస్తుంది. బహుశా మీ బాబుకి జరిగింది ఇదే. మూడు నాలుగు నెలల్లో సర్దుకునే విషయం.

దీనికి రోజూ క్లాసులు అక్కర్లేదు, వారానికి రెండు చాలు. టీచర్‌తో మాత్రం స్పష్టంగా మాట్లాడండి: "బటర్‌ఫ్లై తర్వాత చూద్దాం. పక్కకి తిరిగి ఊపిరి తీసుకోవడం, గోడని తన్ని చేతులు చాచి సూటిగా జారడం, కిక్‌బోర్డు లేకుండా వెల్లకిలా పోవడం, ఈ మూడూ కావాలి." ఆదివారం మీరు కమ్యూనిటీ సెంటర్‌లోని పెద్ద పూల్‌కి ఊరికే తీసుకెళ్లండి. లోతూ చల్లదనం అలవాటు కావాలి, అంతే. అక్కడ కోచింగ్ ఇవ్వకండి. మావారూ అదే చేసేవారు, గట్టు మీద నడుస్తూ "చెయ్యి, చెయ్యి" అని.

మా అమ్మాయి సంగతి కూడా చెప్తాను. దానికి ఎనిమిదేళ్లప్పుడు రెండోసారి ట్రైఅవుట్‌లో ఎలాగో గట్టెక్కింది. నేను గర్వంగా ఏడాది ఫీజు కట్టేశాను. లేన్‌లో ఆరుగురు పిల్లలు వరసగా తిరుగుతుంటే వెనకవాడి చెయ్యి దీని పాదానికి తగులుతుండేది. ప్రతి పది నిమిషాలకీ బాత్రూమ్ అనేది. ఆరు వారాలకి పూల్ పార్కింగ్‌లో కారు దిగనని ఏడ్చింది. ఆ క్లబ్ తప్పేం లేదు, తొందర నాదే. మళ్లీ ఈత మొహం చూడటానికి దానికి రెండేళ్లు పట్టింది. అదీ ఎండాకాలం లీగ్ వల్ల.

మీకూ నేను చెప్పే దారి అదే. మీ చుట్టుపక్కల కాలనీ పూల్స్‌కి సమ్మర్ లీగ్ టీమ్‌లు ఉంటాయి. రిజిస్ట్రేషన్ వసంతంలోనే మొదలవుతుంది. బడి ఉన్నన్నాళ్లూ సాయంత్రం, సెలవులిచ్చాక పొద్దున ప్రాక్టీసు. ఆరేడు వారాల్లో అయిపోతుంది. పిల్లలు చేతి మీద మార్కర్‌తో ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు రాయించుకుని, పేకాట ఆడుకుంటూ, డోనట్లు తింటూ, మధ్యలో ఓ అర నిమిషం ఈది వస్తారు. గెలిచినా ఓడినా రిబ్బన్ ఉంటుంది. పోటీ అంటే ఏమిటో ఏడేళ్ల వాడికి తెలిసేది అక్కడే. ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన కేటీ లెడెకీ కూడా ఆరేళ్లప్పుడు మేరీలాండ్‌లో ఇలాంటి సమ్మర్ టీమ్‌తోనే మొదలుపెట్టింది. ఇంకో ఒలింపిక్ ఛాంపియన్ మైకేల్ ఫెల్ప్స్‌కి చిన్నప్పుడు మొహం నీళ్లలో పెట్టడం నచ్చక, ముందు వెల్లకిలా ఈదడం నేర్చుకున్నాడు. మీవాడు ఫెల్ప్స్ అవుతాడని కాదు, ఈ రెండో ముక్క బాబుకి చెప్పడానికి పనికొస్తుంది.

ఇక కాలేజీ మాట. నా పని కెరీర్ సలహాలు కాబట్టి మీవారి టెన్షన్ గురించి కాస్త వివరంగా చెప్తాను. ఈత మీద ఫుల్ స్కాలర్‌షిప్ చాలా అరుదు. ఏళ్ల తరబడి కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మగపిల్లల టీమ్ మొత్తానికి ఉన్నవి 9.9 స్కాలర్‌షిప్‌లు, ఆడపిల్లల టీమ్‌కి 14. వాటినే ముక్కలు చేసి టీమ్‌లో పంచేవాళ్లు. 2025లో కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత, అందులో చేరిన కాలేజీల్లో ఆ లెక్క పోయింది. దాని బదులు టీమ్‌లో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది. మన ఇళ్లల్లో కలవరించే ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటివి) అయితే ఆటల స్కాలర్‌షిప్ అసలివ్వదు, డివిజన్ త్రీ కాలేజీలూ ఇవ్వవు. బాగా వేగంగా ఈదే పిల్లలకి అడ్మిషన్‌లో కోచ్ మాట సాయం ఉంటుంది, కాదనను. అయితే ఆ వేగం పదిహేను, పదహారేళ్లకి తేలుతుంది. పదేళ్లలోపు రేసుల్లో ముందుండే పిల్లల్లో చాలామంది తోటివాళ్లకంటే ముందు ఎదిగినవాళ్లు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి వరస మారిపోతుంది. ఏడేళ్లకి చేరాడా, తొమ్మిదేళ్లకి చేరాడా అని ఏ అడ్మిషన్ ఆఫీసరూ అడగడు.

పైగా, చేరాక ఏముంటుందో మీ ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి. మొదట్లో వారానికి రెండు మూడు రోజులే. గ్రూపు మారేకొద్దీ ఐదు, ఆరు రోజులవుతుంది, హైస్కూల్‌కి వస్తే తెల్లవారుజామున కూడా ప్రాక్టీసు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా 25 గజాల పూల్ సీజన్, తర్వాత ఎండాకాలమంతా 50 మీటర్ల పూల్ సీజన్. మీట్‌లు, అంటే పోటీలు, ఎక్కువగా శని, ఆదివారాల్లోనే ఉంటాయి. మనబడి తెలుగు క్లాసులూ అప్పుడే కదా? నెల ఫీజుతో పాటు సభ్యత్వం, ప్రతి ఈవెంట్‌కీ ఎంట్రీ ఫీజు, తల్లిదండ్రులు తప్పనిసరిగా చేయాల్సిన వాలంటీర్ గంటలు ఉంటాయి. వేగం కోసం రేసుల్లో వేసుకునే బిగుతు డ్రెస్సు, వందల డాలర్ల టెక్ సూట్ మాత్రం కొనకండి. 2020 సెప్టెంబరు నుంచి పన్నెండేళ్లు, అంతకన్నా చిన్న పిల్లల మామూలు మీట్‌లలో వాటిని వాడనివ్వడం లేదు.

క్లబ్ చూసేటప్పుడు గోడ మీది రికార్డుల బోర్డు కన్నా చిన్న గ్రూపు ప్రాక్టీసు చూడండి. ఒక్క కోచ్ ఎంతమంది పిల్లల్ని చూస్తున్నాడు? పిల్లాడు తప్పు చేస్తే ఆపి చూపిస్తున్నాడా, గట్టు మీంచి అరుస్తున్నాడా? క్లబ్ యూఎస్‌ఏ స్విమ్మింగ్ (దేశంలో పోటీ ఈతను నడిపే సంస్థ) కింద ఉందో లేదో కనుక్కోండి. ఆ కోచ్‌లకి నేరచరిత్ర తనిఖీ, పిల్లల రక్షణ శిక్షణ తప్పనిసరి. కోచ్ పిల్లాడికి మీకు తెలియకుండా విడిగా మెసేజ్ పెట్టకూడదు. ప్రాక్టీసు చూడ్డానికి తల్లిదండ్రుల్ని రానివ్వం అనే చోట అసలు చేర్పించకండి.

బాబు మౌనంగా ఉంటున్నాడన్నారు. 'ఇంకా రెడీ కాదు' అన్న మాట వాడి ముందే అన్నారా? అలా అయితే ఓ రోజు మీరే మాట కదపండి: "నీళ్లు చల్లగా ఉన్నాయి కదూ ఆ రోజు?" అని. అవునంటే ఆ చలి గురించే మాట్లాడండి, టీమ్ ఊసు తేకండి. కొన్ని వారాలు పోయాక, పక్కింటి అబ్బాయి మీట్ ఉన్న రోజు ఓ గంట తీసుకెళ్లి చూపించండి.

మీవారికి కూడా ఒక పని ఉంది. సమ్మర్ లీగ్‌లో మొదటి మీట్‌కి టైమర్‌గా పేరు ఇమ్మనండి. లేన్ చివర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతి పిల్లాడి టైమూ నొక్కి రాయించాలి. టైమర్ ఎవరి పేరూ పెట్టి అరవకూడదు, సొంత కొడుకుదైనా సరే.