పచ్చబొట్టు మీద నెమలి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. పదహారేళ్ల వయసులో కోటప్పకొండ తిరునాళ్లలో ముంజేతిపై ఒక పేరు పచ్చబొట్టు పొడిపించుకున్నాను. ఇప్పుడు నాకు 34 ఏళ్లు. ఆ పేరు కనిపించకుండా నెమలి బొమ్మ వేయించుకోవాలని విజయవాడలో ఒక టాటూ దుకాణంలో అడిగితే, ఒక్క పూటలో పూర్తిచేస్తామన్నారు. వేయించుకోవచ్చా? – ఒక సోదరి, గుంటూరు

జవాబు: వేయించుకోవచ్చమ్మా. అయితే ఒక్క పూటలో అన్న మాటకు తొందరపడకండి. గోడకు సున్నం వేసినట్లు పాత రంగును కొత్త రంగు కప్పేస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, చర్మంలో అలా జరగదు. పచ్చబొట్టు సిరా పైపొర కింద ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. కొత్త సిరా కూడా ఆ పొరలోకే చేరి పాతదానితో కలిసి కనిపిస్తుంది కనుక, లేత రంగులు పాత గీతలను దాచలేవు. ఆ అక్షరాలు నెమలి మెడ మీదో, పింఛం కన్నుల మీదో, అంటే ముదురు రంగు వచ్చే చోట పడాలి. బొమ్మ కూడా పాత పేరుకు రెండు మూడింతలు పెద్దదవుతుంది. అంత పెద్ద బొమ్మ మీకు ఇష్టమేనా అన్నది ముందుగా తేల్చుకోండి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. కళ్లు మూసుకుని పాత పేరు మీద వేలితో మెల్లగా తడమండి, తరువాత టార్చిలైటు పక్కవాటుగా వేసి చూడండి. అక్షరాలు వేలికి ఉబ్బెత్తుగా తగిలితే ఏ రంగూ ఆ ఎత్తును దాచదు. చెవులు కుట్టించుకున్న చోట ఎప్పుడైనా మచ్చ గడ్డలా పెరిగి ఉంటే మాత్రం కొత్త సూది జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

గీతలు బాగా ముదురుగా ఉంటే, ముందు చర్మవైద్యుల దగ్గర క్యూ-స్విచ్‌డ్ ఎన్‌డీ-యాగ్ అనే, పచ్చబొట్టు సిరాను చెదరగొట్టే లేజర్ కాంతితో రెండు మూడు విడతలు పలచబరిపించుకోవడం మేలు. పేరును పూర్తిగా చెరపనవసరం లేదు, పలచబడితే చాలు. ఈ లేజర్‌లో నల్ల సిరాకు వాడే 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కాంతి మన చామనఛాయ చర్మానికి తక్కిన లేజర్ కాంతులకంటే సురక్షితం. విడతకూ విడతకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు, చివరి విడత తరువాత మరో రెండు నెలలు ఆగాలి.

తిరునాళ్లలో ఒకే సూదితో వరుసగా పలువురికి పొడవడం మనమంతా చూసినదే. అందువల్ల హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. దుకాణంలో సూదిని మీ కళ్లముందే కొత్త ప్యాకెట్ నుంచి తీయాలి. బొమ్మ వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు.

మన బెజవాడ ఎండల్లో చెమట పట్టిన పుండు త్వరగా మానదు. జూలైలో లేజర్ మొదలుపెడితే, సంక్రాంతి దాటాక నెమలి వేయించుకోవచ్చు.