ఒక్క బళ్లారి పార్టీని నమ్ముకుని రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవద్దు

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ నడుపుతున్న 34 ఏళ్ల పాఠకుడు రాశారు. 22 మిషన్లు, 18 మంది పనివాళ్లు, నెలకు 5 లక్షల బిల్లింగ్. అందులో 4.2 లక్షలు బళ్లారిలోని ఒకే పార్టీది. బట్ట, జిప్పులు, గుండీలు పంపేది కూడా ఆయనే. ఇంకో పది మిషన్లు వేస్తే ఆర్డర్లు నేనిస్తానని ఆయన అంటున్నాడట. అందుకోసం ఇంట్లో బంగారం మీద 4 లక్షలు, బయట రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తీసుకోవచ్చా అని ప్రశ్న. బ్యాంకులో ఉన్నది 40 వేలు.

వద్దండీ. ఆదోని జిన్నింగ్ వాళ్లు, తాడిపత్రి బండల పాలిష్ వాళ్లు కూడా ఇదే తప్పు చేస్తున్నారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా.

మీరు పంపిన బిల్లు పుస్తకం ఫొటో చూశాను. జనవరి బిల్లు 45 రోజులకు వచ్చింది, జూన్ బిల్లు 80 రోజులకు. ఆ 80 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది మీరే, అంటే భయం మీకూ తగిలింది. లెక్క వేయండి: నెలకు 4.2 లక్షల చొప్పున 45 రోజులకు ఆయన దగ్గర ఉండే మీ డబ్బు 6.3 లక్షలు, 80 రోజులకు 11.2 లక్షలు. తేడా 4.9 లక్షలు. మీరు బయట తేవాలనుకుంటున్నది 5 లక్షలు! మీ డబ్బు ఆయన వడ్డీ లేకుండా వాడుకుంటుంటే, ఆ లోటు పూడ్చడానికి మీరు నెలకు పది వేల వడ్డీ కడతారా?

కూలీలు 2.3 లక్షలు, బాడుగ 25 వేలు, కరెంటు 20 వేలు, పాత మిషన్ల ఈఎంఐ 30 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు. మొత్తం 3.4 లక్షలు. ఆయన ఒక నెల బట్ట పంపకపోతే మీ 40 వేలు మూడున్నర రోజులు వస్తాయి. నాలుగో రోజు పనివాళ్లకు ఏం చెబుతారు? నలుగురైదుగురు పార్టీలున్నవాళ్లకు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలు అంటాను, మీలా కొనేదీ సరుకిచ్చేదీ ఒక్కరే అయినప్పుడు ఆరు నెలలది కావాలి. ముందు మూడు నెలల 10.2 లక్షలు చెయ్యండి. వచ్చిన ప్రతి పేమెంటులో పదో వంతు వేరే ఖాతాలో పడాలి, ఇంట్లో పెళ్లి వచ్చినా అది ముట్టకూడదు.

లిస్టెడ్ కంపెనీలైతే ఒక్క కస్టమర్ నుంచి ఆదాయంలో 10 శాతం వచ్చినా లెక్కల్లో చెప్పి తీరాలి. మీది 84 శాతం.

మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు ఆయన చెల్లించాలి. ఉన్న ఒక్క పార్టీతో గొడవ పెట్టుకోమనను. గడువు దాటిన బిల్లు ఖర్చును కట్టేదాకా ఇన్‌కమ్ ట్యాక్సులో చూపుకోలేరు, ఒకసారి మీ ఆడిటర్‌ను అడగండన్నా అని ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి. అలా పాత బాకీ దిగితే సగం నిధి అక్కడే తయారవుతుంది.

పీసుకు ఐదు రూపాయలు తక్కువైనా 15 రోజుల్లో డబ్బిచ్చే రెండో పార్టీని అనంతపురంలోనో బెంగళూరులోనో పట్టుకోండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) లేదన్నారు, ఈ నెలలోనే తీసుకోండి.

మీ నాన్నగారు వేరుశనగ ఒక్కటే వేసి, వాన పోయిన ఏళ్లల్లో ఎంత పడ్డారో మీరే రాశారు. ఇంట్లో బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి. చేతిలో పది లక్షలు, రెండో పార్టీ నుంచి నెలకు లక్షన్నర పని ఉన్న రోజున మళ్లీ రాయండి, అప్పుడు కొత్త మిషన్లకు బ్యాంకు లోన్ గురించి మాట్లాడుకుందాం.