బీగల్‌బోన్ బోర్డులో లేచే లైనక్స్ కెర్నల్ ఐ.ఎంఎక్స్6 (i.MX6) బోర్డు మీద ఆగిపోతే

"స్టార్టింగ్ కెర్నల్" తర్వాత ఒక్క అక్షరం కూడా రావట్లేదంటే, మీ కెర్నల్ బిల్డ్ కాన్ఫిగ్‌లో డీబగ్_ఎల్ఎల్ (DEBUG_LL, బూట్ తొలి క్షణాల్లోనే సందేశాలు రాయించే డీబగ్ ఆప్షన్) ఆన్‌లో ఉండిపోయి ఉండొచ్చు. అది ఒకే యూఆర్ట్ (సీరియల్ పోర్టు) చిరునామాను కెర్నల్‌లోనే బిగించేస్తుంది. బీగల్‌బోన్ చిరునామా ఐ.ఎంఎక్స్6లో చెల్లదు. ఆ ఇమేజ్ వేరే బోర్డు మీద నడవదని ఆ ఆప్షన్ హెల్ప్‌లోనే రాసి ఉంది. ఎవరు చదువుతారు, నేనూ చదవలేదు!

1. మల్టీ_వీ7_డెఫ్‌కాన్ఫిగ్‌తో (పలు ఏఆర్ఎంవీ7 బోర్డులకు కలిపి కెర్నల్‌తోనే వచ్చే కాన్ఫిగ్) మళ్లీ మొదలుపెట్టండి, డీబగ్_ఎల్ఎల్ ముట్టుకోకండి.
2. జడ్‌ఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైలు) రెండు బోర్డులకూ ఒకటే. డీటీబీ (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే ఫైలు) మాత్రం ఏ బోర్డుది ఆ బోర్డుకే. యూ-బూట్ (కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) ఏ డీటీబీని లోడ్ చేస్తోందో చూడండి.
3. ఐ.ఎంఎక్స్6లో కన్సోల్ (సందేశాలు వచ్చే సీరియల్ పోర్టు) పేరు వేరు: మొదటి యూఆర్ట్ అయితే టీటీవైఎంఎక్స్‌సీ0.
4. అప్పటికీ నిశ్శబ్దమేనా? బూట్‌ఆర్గ్స్‌లో (యూ-బూట్ కెర్నల్‌కు అందించే ఆప్షన్ల వరుస) ఉత్త "ఎర్లీకాన్" (earlycon, తొలి సందేశాలను చూపించే ఆప్షన్) చేర్చండి. డీటీబీలో ఎస్‌టీడీఅవుట్-పాత్ (stdout-path, కన్సోల్ ఏ పోర్టో చెప్పే వివరం) ఉంటే చాలు, చిరునామా అదే వెతుక్కుంటుంది.