డాక్టర్ సలహా: ఎనిమిదేళ్లు తట్టుకున్న ఎండ ఇప్పుడెందుకు పడగొట్టింది?

ప్రశ్న: మా ఆయనకు 38 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా దుబాయ్‌లో బిల్డింగ్ పనుల్లో రాడ్ బెండింగ్ చేస్తున్నారు. జూన్‌లో సెలవు మీద ఇంటికొచ్చి, నాట్లు పూర్తయ్యాక ఆగస్టు రెండో వారంలో తిరిగి వెళ్లారు. డ్యూటీలో చేరిన మూడో రోజే పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి, వాంతి చేసుకుని కూలబడ్డారట. క్లినిక్‌లో సెలైన్ ఎక్కించి పంపారు. ‘ఇన్నేళ్లూ ఏమీ కాలేదు, నా ఒంట్లోనే ఏదో తేడా వచ్చింది’ అని భయపడుతున్నారు. తోటివాళ్లు నవ్వుతున్నారని రెండు రోజులకే మళ్లీ పనికి వెళ్లారు. ఏడాదిగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఇది పెద్ద జబ్బా? – ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇది వడదెబ్బకు ముందు మెట్టు. అక్కడితో ఆగింది కాబట్టి సరిపోయింది. ఆయన ఒంట్లో కొత్తగా ఏదో చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. ఎండను తట్టుకునే అలవాటు ఈ రెండు నెలల్లో పోయింది, అంతే. నన్ను భయపెట్టింది ఒక్కటే, రెండు రోజులకే మళ్లీ పనికి వెళ్లడం.

ఎండకు అలవాటు పడటమంటే ఒంట్లో నిజంగా మార్పులు జరుగుతాయి. ఎండలో పని మొదలుపెట్టిన నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, దాంతో అదే పనికి గుండె దడ తగ్గుతుంది. చెమట ముందుగానే మొదలై, ఎక్కువగా పడుతుంది. చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. కావాలంటే ఆయన్నే అడగండి. దుబాయ్ వెళ్లిన కొత్తలో సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉండే ఉంటాయి. రెండు వారాలయ్యేసరికి అవే పలచబడి ఉంటాయి, ఎండ మాత్రం తగ్గి ఉండదు.

ఈ మార్పులన్నీ రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండకు దూరమైతే వారంలోనే తగ్గడం మొదలై, నెల తిరిగేసరికి దాదాపు పోతాయి. టిబెట్ ఎత్తుల్లో పుట్టినవాళ్లకు పలచటి గాలిని తట్టుకునే గుణం తరతరాలుగా జన్యువుల్లోనే వచ్చింది. ఎండ అలవాటు అలా కాదు, ప్రతిసారీ మొదటి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఇంటి దగ్గర నాట్లలో ఆయన ఒళ్లు వంచి పని చేసే ఉంటారు. అయితే ముసురులో, చల్లటి బురదలో దిగి చేసే పని వేరు. ఆగస్టు దుబాయ్‌లో 40 డిగ్రీలు దాటిన ఎండకు సముద్రపు ఉక్క తోడవుతుంది. కారిపోయే చెమట వల్ల లాభం లేదు, ఒంటి మీద ఆరిన చెమటే చల్లబరుస్తుంది. ఆ ఉక్కలో అది ఆరదు.

ఇక చేయాల్సింది. కొత్తగా ఎండలో పనికి వచ్చినవాళ్లకు మొదటి రోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో అయిదో వంతు చొప్పున పెంచాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. పాతవాళ్లయితే సగంతో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి పనికి రావచ్చు. రెండు నెలల గ్యాప్, పైగా ఒకసారి పడిపోయారు కాబట్టి నేనైతే ఆయన్ను కొత్తవాడిగానే లెక్కవేస్తాను. ఫోర్‌మన్ ఒప్పుకోడని ఆయన అంటారు, నాకు తెలుసు. అందుకే క్లినిక్ డాక్టర్‌తో తేలిక పని ఇవ్వాలని చీటీ రాయించుకోమనండి. సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వ నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలు హెల్మెట్, బూట్లు తీసేసి, తడి తువ్వాలు మెడ మీద వేసుకుని నీడలో పడుకోమనండి. తరతరాలుగా ఆ ఎడారిలో బతికిన బెదూయిన్లకూ గుడారం నీడ, గాలి ఆడే వదులు అంగీలే కాపుదల.

దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. అలాగని గంటకు లీటరున్నర దాటకూడదు. గంటల తరబడి చెమటోడుస్తూ ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం, అంటే ఉప్పు పాలు, పడిపోతుంది. భోజనం మానకూడదు. అక్కడ దొరికే లబన్ మన మజ్జిగే, చిటికెడు ఉప్పు వేసుకుని తాగొచ్చు. లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి డ్యూటీలో కొద్దికొద్దిగా తాగొచ్చు. బీపీ ఉంది కాబట్టి రోజుకు ఎంత అన్నది డాక్టర్‌ను అడగడం మంచిది.

బీపీ మాత్ర సంగతి ముఖ్యం. కొన్ని మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. ఎండలో పని చేసేవారికి అది ఇబ్బంది. మాత్రల షీటు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని మీ డాక్టర్‌కు చూపించండి. మాత్ర మార్చాలా వద్దా ఆయన చెబుతారు, సొంతంగా మాత్రం ఆపొద్దు. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మింగే అలవాటుంటే మాన్పించండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కుర్రాళ్లు షుగర్, బీపీ లేకుండానే కిడ్నీ జబ్బున పడ్డారు. ఎండలో రోజూ ఒంట్లో నీరు ఇంకిపోయేలా కష్టపడటం అందుకు ఒక ముఖ్య కారణమని వైద్యులు భావిస్తున్నారు. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలోని లవణాలైన సోడియం, పొటాషియం, కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీపీకే, మూత్ర పరీక్ష ఈ వారమే చేయించండి.

తికమకగా మాట్లాడినా, మాట ముద్దగా వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. చెమట పడుతున్నా సరే. పక్కవాళ్లు వెంటనే 998కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి, మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఇక్కడ పనికిరాదు. ఇది ఆయన రూమ్మేట్లకూ తెలియాలి, నవ్వినవాళ్లకు ముందుగా తెలియాలి. రేపు సెలవు నుంచి వచ్చేది వాళ్లే కావచ్చు.

ఈ రాత్రి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మూత్రం ఏ రంగులో వస్తోందో అడగండి. మొహమాటపడతారు, అయినా అడగండి. లేత పసుపు అయితే నీళ్లు సరిపోతున్నట్టు. ముదురు పసుపు అయితే ఇంకా తాగాలి. డికాక్షన్ రంగులో వస్తుంటే మాత్రం రేపు డ్యూటీ వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లమనండి.