టెక్ సందేహాలు: ఐడీ కార్డు ఫొటోలు వాటంతటవే క్రాప్ అవ్వాలంటే

ప్రశ్న: మాది బొబ్బిలిలో చిన్న ఫొటో స్టూడియో. ఐడీ కార్డుల కోసం ఒక స్కూల్లో 600 మంది పిల్లలకు ఫొటోలు తీశాను. ఒక్కొక్కటీ క్రాప్ చేయడానికి రాత్రుళ్లు చాలడం లేదు. ముఖాన్ని పట్టుకుని తనే కట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉందా? ఆన్‌లైన్ సైట్లలో పెట్టేయొచ్చా?

జవాబు: సైట్లలో మాత్రం పెట్టకండి. అవి మిమ్మల్ని నమ్మి కూర్చున్న పిల్లల ముఖాలు. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఈ పనికి ఇంటర్నెట్ అవసరమే లేదు. ఆటోక్రాప్ అనే ఉచిత టూల్‌ని (పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది) మీ కంప్యూటర్లోనే వేసుకోండి. ఫోల్డర్ చూపించి, సైజు చెబితే చాలు. 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటోకి 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) 413 బై 531 పిక్సెళ్లు ఇవ్వాలి.

దీని వెనక ఉన్నది 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన పద్ధతి. కళ్ల దగ్గర నలుపు, బుగ్గల మీద వెలుగు లాంటి తేడాలను చూసి ఇది ముఖమని తేలుస్తుంది. పేరు, మనిషి ఎవరన్నది దానికి అక్కర్లేదు. చూసేది వెలుగునీడలనే కాబట్టి చెట్టు కింద మచ్చలు మచ్చలుగా ఎండ పడినా, తల బాగా వాలినా తడబడుతుంది. గోడ మీద గాంధీ గారి పటం ఉంటే దాన్నీ ముఖమే అనుకోవచ్చు. ఈసారి తెల్లటి గోడ ముందు, నీడలో, అందరినీ నేరుగా చూడమని తీయండి. ఎడిటింగ్‌లో పడే శ్రమ అక్కడే సగం తగ్గుతుంది.

టూల్ గీసే చతురస్రం నుదుటి మధ్య నుంచి గడ్డం దాకానే వస్తుంది. అక్కడికి కోస్తే ఆడపిల్లల రిబ్బన్లు, జడలు పోతాయి. ముఖం ఫొటో ఎత్తులో సగం ఉండేలా సెట్ చేసి, ముందు పది ఫొటోల మీద చూడండి. ముఖం దొరకని ఫొటోలకు వేరే ఫోల్డర్ ఇవ్వండి. వాటిని చేత్తో చేసుకోవాల్సిందే. మిగతావీ థంబ్‌నెయిల్స్‌లో (ఫోల్డర్లో కనిపించే చిన్న బొమ్మల్లో) ఒకసారి చూడాలి, కార్డు మీద పిల్లాడి తల తెగితే ఏడాదంతా మెడలో వేసుకు తిరిగేది వాడే. అసలు ఫొటోల కాపీ తీశాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: నరసన్నపేట నుంచి. టీచర్లు వాట్సాప్‌లో పంపిన పిల్లల ఫొటోలు ప్రింట్‌లో మసకగా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది. దాన్ని మళ్లీ క్రాప్ చేస్తే ముఖానికి మిగిలే పిక్సెళ్లు చాలవు. డాక్యుమెంట్‌గా పంపమనండి.