టెన్షన్‌లో తెలిసిన లెక్క కూడా ఎందుకు రాదు?

టెన్షన్ ఎక్కువైతే బుర్ర ఎందుకు పనిచేయదు, నిర్ణయాలు ఎందుకు తడబడతాయి అని అడిగారు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను, కాబట్టి ఎంసెట్ దగ్గర చూసిందే చెబుతాను (పేరు ఈఏపీసెట్‌గా మారినా అందరి నోటా ఇంకా ఎంసెటే).

మూడు గంటలు, 160 ప్రశ్నలు, అందులో సగం లెక్కలే. నెగెటివ్ మార్కులు లేవు. రాని లెక్క వదిలేసి ముందుకు పోవాలని ప్రతి పిల్లకూ తెలుసు. అయినా మాక్ టెస్టులో వెనక నిలబడి చూస్తే, బాగా చదివే అమ్మాయే ఒక ఇంటిగ్రేషన్ లెక్క దగ్గర ఆగిపోయి, పనికిరాని అదే సబ్‌స్టిట్యూషన్‌ను రఫ్ పేపర్ మీద కొట్టేస్తూ మళ్లీ రాస్తూ, పెన్ను నొక్కిన నొక్కుడికి కాగితం చిరిగిపోతున్నా వదలదు, స్క్రీన్ మీద టైము మాత్రం కరిగిపోతూ ఉంటుంది. టెన్షన్ ముందుగా దెబ్బతీసేది దారి మార్చుకునే శక్తినే అని నా గట్టి నమ్మకం.

దీనికి కారణం ఉంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగం మన ఆలోచనను అదుపులో పెడుతుంది. ఒత్తిడిలో నార్‌అడ్రినలిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాలు మోతాదు మించితే దాని పట్టు సడలుతుంది, అలవాటైన పనులు మాత్రం సాగిపోతాయి. అందుకే ఎక్కాలు ఎంత భయంలోనైనా వస్తాయి, నాలుగు స్టెప్పుల లెక్కలో మూడో స్టెప్పుకి వచ్చేసరికి మొదట ఏమనుకున్నామో జారిపోతుంది.

అలాగని అసలు టెన్షనే లేకపోయినా కష్టమే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో అవి సులువైన పనిని గట్టి కరెంటు షాక్ ఉన్నప్పుడు త్వరగా నేర్చుకున్నాయి, కష్టమైన పనిని మాత్రం షాక్ మధ్యస్థంగా ఉన్నప్పుడే.

అందుకే నా పిల్లలకు, నిర్ణయం హాల్లో తీసుకోవద్దు, ఇంట్లోనే తీసుకుని వెళ్లండి అంటాను. రెండు నిమిషాల్లో దారి దొరక్కపోతే 'మార్క్ ఫర్ రివ్యూ' నొక్కి తర్వాతి ప్రశ్నకు పోవాలి, అంతే. మాక్ టెస్టుల్లో ఇదే పదేపదే చేయిస్తే చెయ్యి దానంతటదే కదులుతుంది. ఇరుక్కున్నట్టు అనిపిస్తే ఊపిరి నిదానంగా బయటికి వదలమంటాను, గుండె దడ కాస్త తగ్గుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పరీక్ష రోజు గేటు దగ్గర ర్యాంకు, సీటు, ఫీజుల మాట దయచేసి ఎత్తకండి, బుర్రలో లెక్కకు కావాల్సిన చోటంతా ఆ మాటే ఆక్రమిస్తుంది. తిన్నారో లేదో, హాల్‌టికెట్ పెట్టుకున్నారో లేదో చూసి పంపండి చాలు.