ఫ్రంట్ వీలా, రియర్ వీలా? ముందు తాళం సంగతి అడగండి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాల కోసం పెట్టుకున్న ఈ శీర్షికకు కొంతకాలంగా కార్ల ప్రశ్నలు వరసకట్టాయి. అందులోనూ లగ్జరీ సెడాన్లవే ఎక్కువ. కారుకు కూడా యాప్, పాస్‌వర్డ్, అప్‌డేట్ వచ్చిపడ్డాక ఇది నా పని కాదని తప్పించుకోలేను. మళ్లీ మళ్లీ వస్తున్నవాటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: రెండు లగ్జరీ సెడాన్ల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ధర, పవర్, ఫీచర్లు దాదాపు సమానం. ఒకటి ఫ్రంట్ వీల్ డ్రైవ్, రెండోది రియర్ వీల్ డ్రైవ్. అసలైన లగ్జరీ కారంటే రియర్ వీలే అని ఫ్రెండ్స్ పట్టుబడుతున్నారు. ఏది కొనాలి?

జవాబు: డబ్బు పెట్టేది మీరు కాబట్టి ఫ్రెండ్స్‌ను కాసేపు పక్కన పెడదాం. కారులో మీరు కూర్చునేది స్టీరింగ్ ముందా, వెనక సీట్లోనా? ఈ ప్రశ్న పంపేవాళ్లలో ఆ సంగతి రాసేవాళ్లే కనిపించరు. జవాబులో సగం దాని మీదే ఉంది.

ఇంజిన్ పవర్ ముందు చక్రాలకు పోతే ఫ్రంట్ వీల్ డ్రైవ్, వెనక చక్రాలకు పోతే రియర్ వీల్ డ్రైవ్. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో సాధారణంగా ఇంజిన్‌ను అడ్డంగా అమరుస్తారు. ఇంజిన్, గేర్‌బాక్స్, పవర్‌ను రెండు పక్కల చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ అన్నీ బానెట్ కిందే సర్దుకుంటాయి. వెనక్కి పవర్ మోసుకెళ్లే పొడవాటి షాఫ్ట్ అక్కర్లేదు. అందుకే అంతే పొడవున్న కారులో మనుషులకు ఎక్కువ చోటు మిగులుతుంది. రియర్ వీల్ డ్రైవ్‌లో ఇంజిన్‌ను కారు పొడవునా పెడతారు. షాఫ్ట్ కారు నడుము కింద నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా పోతుంది. వెనక సీటు మధ్యలో కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర తగిలే ఎత్తు దాని పుణ్యమే. ఆ నష్టానికి బదులుగా బరువును ముందు, వెనక దాదాపు సమానంగా పంచే వీలు దొరుకుతుంది. ఫ్రంట్ వీల్ కారులో 60 శాతం అటూఇటూగా బరువు ముందు చక్రాల మీదే పడుతుంది.

నడిపేవాళ్లకు తేడా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు తెలుస్తుంది. కారు వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి మళ్లి వెనక టైర్లకు పట్టు పెరుగుతుంది, ముందు టైర్లకు తగ్గుతుంది. ఫ్రంట్ వీల్ కారుకు సరిగ్గా అప్పుడే ముందు టైర్లతో అవసరం. పైగా బండిని లాగేదీ తిప్పేదీ ఆ రెండే. పవర్ ఎక్కువున్న బండిలో స్టీరింగ్ చేతుల్లో ఓ పక్కకు గుంజినట్టు అనిపించేది అందుకే. దాన్నే టార్క్ స్టీర్ అంటారు. రియర్ వీల్ కారులో ముందు చక్రాలకు తిరగడం ఒక్కటే పని కాబట్టి స్టీరింగ్ తేటగా ఉంటుంది. ఇంకో లాభం ఎవరూ చెప్పరు. ముందు చక్రాలకు పవర్ అందించే జాయింట్లు లేకపోవడం వల్ల, ఇంజిన్ అడ్డంగా చోటు తినకపోవడం వల్ల ఆ చక్రాలు ఎక్కువ కోణం తిరగగలవు. ఇరుకు పార్కింగ్‌లో పెద్ద సెడాన్‌ను తిప్పేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రియర్ వీలే అసలైన లగ్జరీ అన్న మాటకు చరిత్ర ఒప్పుకోదు. అమెరికా లగ్జరీ కారు క్యాడిలాక్ ఎల్డొరాడో 1967 మోడల్‌తోనే ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు మారింది. 1989లో టొయోటా లగ్జరీ బ్రాండ్ లెక్సస్ రెండు సెడాన్లతో రంగంలోకి దిగితే, ఎల్‌ఎస్ 400 రియర్ వీల్, ఈఎస్ 250 ఫ్రంట్ వీల్. ఒకే షోరూంలో రెండూ అమ్ముడుపోయాయి.

మీరు వెనక సీట్లో కూర్చునేవారైతే ఏ చక్రాలకు పవర్ అందుతోందో మీకు తెలియను కూడా తెలియదు. సస్పెన్షన్, సీటు, కాళ్లకు చోటు, చప్పుడు చూసుకోండి. నడపడం మీకు ఇష్టమైతే, పవర్ కూడా గట్టిగానే ఉంటే రియర్ వీల్ తీసుకోండి, నేనైతే అదే తీసుకుంటాను. టెస్ట్ డ్రైవ్‌లో స్క్రీన్ నొక్కుతూ కూర్చోకుండా స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఓ యూటర్న్ కొట్టండి. ఖాళీ రోడ్డు మీద ఆగిన చోటు నుంచి గట్టిగా తొక్కి చూడండి. వెనక మధ్య సీట్లో మీరే కాసేపు కూర్చోండి. బ్రోచర్ మొత్తం చదివినా ఇంత తెలియదు.

ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ పవర్, అన్న బ్యాడ్జి చూసి ఆగిపోవద్దు. దాని పునాది ఫ్రంట్ వీలా, రియర్ వీలా అని సేల్స్ వాళ్లను అడగండి. మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, అవి జారినప్పుడో జారతాయనుకున్నప్పుడో వెనక్కి పవర్ పంపే బండి వేరు. పొడవునా పెట్టిన ఇంజిన్‌తో మొదలుపెట్టి ముందుకూ కొంత పంచే బండి వేరు. బయట బ్యాడ్జి మాత్రం రెండింటికీ ఒకటే.

ప్రశ్న: వానలో రియర్ వీల్ డ్రైవ్ జారిపోతుందని విన్నాను. కొన్నాక టెన్షన్ పట్టుకుంది.

జవాబు: స్టెబిలిటీ కంట్రోల్ లేని రోజుల నాటి భయం ఇది. చక్రాలను విడివిడిగా బ్రేక్ వేసి, ఇంజిన్ పవర్ తగ్గించి, కారును దారిలో పెట్టే ఆ వ్యవస్థ 1995లో లగ్జరీ కార్లలోనే మొదలైంది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరైంది. దాన్ని ఆపేసే బటన్ ఒకటుంటుంది, దాని జోలికి వెళ్లకండి. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ పడతాయి కాబట్టి ఆగే దూరానికీ డ్రైవ్ పద్ధతికీ సంబంధం లేదు. అరిగిన టైర్లతో నీళ్ల మీద తేలిపోయేటప్పుడు రెండు రకాలూ ఒకేలా తేలిపోతాయి. రెండు టైర్లే మారుస్తున్నారా? కొత్తవి వెనక వేయించండి, ఫ్రంట్ వీల్ కారుకైనా సరే. వెనక పట్టు పోతే సర్దుకోవడం కష్టం.

ప్రశ్న: రియర్ వీల్ సెడాన్ బుక్ చేశాను. తాళంచెవి జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. తాళంచెవి ఇంట్లోనే ఉండగా బయటున్న కారును దొంగలు తీసుకుపోయిన వీడియో చూశాను. అలా ఎలా సాధ్యం? మా కారుకూ జరుగుతుందా?

జవాబు: ఏ చక్రాలు నడుపుతాయని వందమంది అడిగితే, తాళం గురించి అడిగేది ఏ ఒక్కరో. నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించేది ఇదే.

మీరు హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు చిన్న రేడియో సంకేతం పంపుతుంది. ఇది 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోది, ఒకటి రెండు మీటర్లకు మించి పోదు. దాన్ని అందుకున్న తాళంచెవి నిద్రలేచి మరింత దూరం పోగల సంకేతంతో బదులిస్తుంది. బదులు వచ్చిందంటే తాళంచెవి దగ్గరే ఉందని కారు నమ్ముతుంది. లోపమంతా ఆ నమ్మకంలోనే ఉంది. ఒక దొంగ యాంటెన్నాతో మీ గుమ్మం దగ్గర నిలబడతాడు, ఇంకొకడు కారు దగ్గర. కారు గుసగుసను ఒకడు ఇంటిదాకా మోస్తాడు, తాళంచెవి బదులును ఇంకొకడు కారుకు అందిస్తాడు. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించాల్సిన పనే లేదు, అసలు సంభాషణనే దూరం జరిపారు. ఒకసారి స్టార్ట్ అయ్యాక తాళంచెవి దూరమైనా ఇంజిన్ ఆగదు, ఎందుకంటే నడిరోడ్డు మీద ఆగిపోతే అదింకో ప్రమాదం.

ఇదేమైనా నిన్నమొన్న బయటపడిందా? జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఇది పనిచేస్తుందని చూపించారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే పద్ధతి తాళాలను లగ్జరీ ఫీచర్ అని పేరు పెట్టి, అదనంగా డబ్బు తీసుకుని అమ్మారు. ఇంటికి వెదురు తడిక కట్టి దానికి బంగారు గొళ్లెం పెట్టినట్టుంది ఈ వ్యవహారం.

బుక్ చేశారు కాబట్టి డెలివరీకి ముందే ఈ సంగతులు తేల్చుకోండి. తాళంచెవి కదలకుండా కొంతసేపు ఉంటే తనంతట తాను నిద్రపోతుందా? అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో పద్ధతి ఉందా? అది ఉంటే సంకేతం వెళ్లిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి తాళంచెవి నిజంగా ఎంత దూరంలో ఉందో కారు కొలుస్తుంది, కాబట్టి మోసుకొచ్చిన సంకేతం ఆలస్యం పట్టుబడుతుంది. నడపడానికి ముందు పిన్ అడిగే సెట్టింగ్ ఉందా? ఉంటే మొదటిరోజే ఆన్ చేయండి, విసుగనిపించినా సరే. ఏదీ లేకపోతే కీలెస్ ఎంట్రీనే ఆపేయించండి. బటన్ నొక్కి తలుపు తీస్తే పరువేం పోదు.

సంకేతాలను అడ్డుకునే పౌచ్‌లు దొరుకుతాయి. కొని, అందులో తాళంచెవి పెట్టి, కారు పక్కన నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుందంటే ఆ పౌచ్ దండగ. లోపలి పొర అరిగిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ పరీక్షించండి. రెండో తాళంచెవిని మరిచిపోయేవాళ్లే ఎక్కువ, అదీ పౌచ్‌లోనే ఉండాలి.

పౌచ్ ఆపలేని దొంగతనం ఒకటుంది. 2023లో ఒక పరిశోధకుడు దాన్ని వివరంగా బయటపెట్టాడు. దొంగ తాళంచెవి జోలికే పోడు. హెడ్‌లైట్ దగ్గర వైర్లు బయటికి లాగి, కారు లోపలి నెట్‌వర్క్‌కు చిన్న పరికరం తగిలిస్తాడు. సరైన తాళంచెవి వచ్చిందన్న దొంగ సందేశం దాని నుంచి వెళ్తుంది. లోపల తిరిగే సందేశం ఎవరు పంపారో కారు ఆరా తీయదు. హెడ్‌లైట్‌కూ తాళానికీ ఒకే నెట్‌వర్క్ ఏమిటని ఆ డిజైన్ గీసినవాళ్లను అడగాలని ఉంది. స్టీరింగ్‌కు వేసే ఇనప లాక్ చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది, కానీ దాన్ని ఏ రేడియో సంకేతమూ తీయలేదు. వేయండి.

ప్రశ్న: మూడేళ్ల పాత లగ్జరీ సెడాన్ కొన్నాను. నేను ఎక్కడ పార్క్ చేసినా పాత ఓనర్‌కు యాప్‌లో కనిపిస్తోందట. ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

జవాబు: మంచివాడు దొరికాడు, చెప్పాడు. చెప్పనివాళ్ల సంగతేమిటి? కాగితాల మీద పేరు మారినా కంపెనీ సర్వర్లో ఆయన ఖాతాయే ఉంది. అక్కడ నుంచి తలుపు తెరవడం, కొన్ని కార్లలో స్టార్ట్ చేయడం కూడా కుదురుతుంది. కారు స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అంతటితో ఆగితే సరిపోదు, సర్వర్లో ఖాతా తెగిందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. నమోదైన తాళంచెవులు ఎన్నో వర్క్‌షాప్‌లో చూపించి, మీ చేతిలో లేనివాటిని తీసేయించండి. అమ్మేవాళ్లూ వినండి: మీ ఇంటి అడ్రస్, కాంటాక్టులు, గేటు తెరిచే కోడ్ కారులో వదిలి వెళ్తున్నారు. ఫోన్ అమ్మేటప్పుడు చూపించే జాగ్రత్త ఇక్కడ ఏమైపోతోందో నాకు అర్థం కాదు.

ప్రశ్న: రాత్రి అప్‌డేట్ వచ్చింది. పొద్దున చూస్తే ఏసీ మెనూ చోటు మారిపోయింది. పాతది తిరిగి తెచ్చుకోవచ్చా?

జవాబు: సాధారణంగా కుదరదు. ఇక్కడితో మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది, మిగతాది నా గోడు.

కారు కంట్రోళ్లు చేతికి అలవాటు కావాలి, కళ్లతో వెతికే పని ఉండకూడదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. మెనూలో ఫ్యాన్ గుర్తు కోసం రెండు సెకన్లు వెతికితే 50 మీటర్లకు పైగా రోడ్డు చూడకుండా నడిపినట్టే. అది తెలిసీ ఏసీ గాలి దిశను కూడా స్క్రీన్‌లోకి తోశారు. రాత్రికి రాత్రి దాని చోటూ మార్చారు. బటన్ పెట్టడం కన్నా స్క్రీన్ మీద బొమ్మ గీయడం కంపెనీకి చవక. ఆ పొదుపునే లగ్జరీ అని మనకు అమ్ముతున్నారు. సెడాన్లను పోల్చే సమీక్షకులు కూడా స్క్రీన్ ఎన్ని అంగుళాలో కొలిచి మురిసిపోతున్నారు. కార్ల భద్రతను పరీక్షించి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ మాత్రం 2026 నిబంధనల్లో ఇండికేటర్, హారన్, వైపర్, హజార్డ్ లైట్లు, అత్యవసర కాల్‌కు విడిగా బటనో మీటో ఉండాలని, లేకపోతే మార్కులు తగ్గుతాయని చెప్పింది. ఏసీ ఆ జాబితాలో లేదు. ఉండాల్సింది.

అప్‌డేట్లు ఆపేయమని మాత్రం అనను, భద్రతా లోపాలకు మందు వాటిలోనే వస్తుంది. ఆటోమేటిక్ కాకుండా అడిగి ఇన్‌స్టాల్ అయ్యేలా పెట్టుకోండి. ప్రయాణానికి ముందురోజు రాత్రి మాత్రం వద్దు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ సెడాన్ అయితే ఈ ఫ్రంట్, రియర్ గొడవ ఉండదా?

జవాబు: చోటు గొడవ చాలావరకు పోతుంది. మోటారు నేరుగా యాక్సిల్ దగ్గరే ఉంటుంది, పొడవాటి షాఫ్ట్ లేదు. పట్టు గొడవ మాత్రం అలాగే ఉంటుంది. మోటారు బలం తొక్కిన మరుక్షణమే అందుతుంది కాబట్టి పవర్ ఎక్కువైతే వెనక చక్రాలకు ఇవ్వడమే మేలు. రీజనరేటివ్ బ్రేకింగ్, అంటే మోటారే కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీకి ఛార్జ్ పంపే పద్ధతి, దాని దగ్గర లెక్క తిరగబడుతుంది. వేగం తగ్గేటప్పుడు బరువు ముందుకు వస్తుంది, కానీ రియర్ వీల్ కారులో మోటారు బ్రేక్ పడేది తేలికైన వెనక టైర్ల మీద. మంచు మీదా, బాగా జారే రోడ్డు మీదా ఆ బ్రేకింగ్ స్థాయిని తక్కువలో పెట్టుకుని నడపండి.